గంట పిన్ని ఐదో తరగతి

ఆ బడిలో గంట అని పిలిచేది నిజానికి గంట కాదు, రైలుపట్టా ముక్క. దాన్ని వరండా దూలానికి గొలుసుతో వేలాడదీసి, కొట్టడానికి ఒక లావుపాటి ఇనుప బోల్టు పక్కన పెట్టారు. పంతొమ్మిదేళ్లుగా ఆ బోల్టు పట్టుకున్న చెయ్యి ఒక్కటే. అందుకే ఆవిణ్ణి అందరూ గంట పిన్ని అనేవారు. పిల్లలకూ పిన్నే, వాళ్ల తల్లులకూ పిన్నే, చివరికి తనకంటే నాలుగేళ్లు పెద్దదైన పెద్ద టీచరమ్మకు కూడా పిన్నే.

రెండు గదులు, ఒక వరండా, ఒక కుళాయి, పదకొండు మంది పిల్లలు. అదీ బడి. ఒక గదిలో పెద్ద టీచరమ్మ, ఇంకో గదిలో చిన్న మాస్టారు పాఠాలు చెప్పేవాళ్లు. మిగతాదంతా పిన్నిదే. తాళాలు తీయాలి, గదులు ఊడవాలి, కుళాయి దగ్గర నాచు గీకాలి, ఏడ్చేవాళ్ల ముక్కులు తుడవాలి. ఇన్ని పనుల్లోనూ ఆవిడ గర్వమంతా గంటలోనే ఉండేది. తొమ్మిదింటి గంటంటే తొమ్మిదింటికే మోగాలి. వారానికోసారి రేడియో పెట్టుకుని చేతి గడియారం సరిచూసుకునేది. పిన్ని గంట విని ఎదురు కొట్టు టైలరు తన గోడగడియారం ముల్లు తిప్పుకునేవాడు.

ఆవిడ సొంత చదువు మాత్రం రెండో తరగతి సగంలో ఆగింది. ఆ ఏడు వానలకు బడి కప్పు కూలిపోయింది. కొత్త కప్పు వేశాక కబురు చేస్తాం, అందాకా సెలవు అన్నారు. కప్పు వేశారో లేదో గానీ కబురు మాత్రం రాలేదు. ఆ లెక్కన పిన్ని నలభై ఏడేళ్లుగా సెలవులో ఉన్నట్టే. గుణింతాలు పూర్తయి, వత్తులు మొదలవ్వాల్సిన రోజున కప్పు కూలింది కాబట్టి, వత్తులు లేని తెలుగు ఆవిడకు భేషుగ్గా వచ్చు. 'బట్టల కొట్టు' అని ఉంటే 'బటల కొటు' అని చదువుకునేది. అర్థం ఎలాగూ తెలిసిపోయేది కనుక లోటనిపించలేదు.

ఇలా రోజులు వెళ్లిపోతుండగా ఒక మంగళవారం మధ్యాహ్నం పిన్ని ఇంటికి ఇద్దరు మనుషులు వచ్చారు. పిన్ని బడిలో ఉంది. ఇంట్లో ఆవిడ మొగుడు ఒక్కడే ఉన్నాడు. ఆయన పరుపులు కుడతాడు. ముందుగదిలో సగం దూది, సగం కుట్టిన పరుపులు. కనుబొమ్మల మీదా మీసాల్లోనూ ఎప్పుడు చూసినా దూది పింజలే.

"ఈ ఇంట్లో ఐదో తరగతి చదివే ఆడపిల్ల ఉందా?" అని అడిగారు వచ్చినవాళ్లు.

"ఆడపిల్లా? మాకున్నది ఒక్క కొడుకయ్యా. వాడికే ఇద్దరు పిల్లలు. వేరే ఊళ్లో ఉంటారు."

వాళ్లు కాగితం చూసి పేరు చదివారు.

"అది మా ఆవిడ పేరు," అన్నాడు పరుపులాయన.

"ఈ పిల్ల ఏడాదిన్నరగా ఒక్కరోజు కూడా బడికి రాలేదు. ఎందుకు పంపట్లేదు?"

పరుపులాయన నోట్లో పట్టుకున్న సూది తీసి పరుపుకు గుచ్చాడు. "పంపకపోవడమేంటి? పొద్దున్న ఏడున్నరకల్లా పోతుంది. జ్వరమొచ్చినా ఆగదు. ఒద్దన్నా పోతుంది."

"ఇంట్లోంచి బయల్దేరుతోంది గానీ బడికి చేరట్లేదు," అన్నాడు ఒకతను రెండో అతనితో. రెండో అతను అది రాసుకున్నాడు. "ఇంట్లో పనులేమైనా చేయిస్తారా?"

"చేయించేదేముంది? వంటా, గిన్నెలూ అదే చేసుకుంటుంది."

అదీ రాసుకున్నాడు. "పెళ్లి చేసే ఆలోచన గానీ ఉందా?"

"పెళ్లయి ముప్పై నాలుగేళ్లయింది కదయ్యా! నాతోనే!"

రాసుకునే అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ జవాబుకు అందులో గడి లేదు. కలానికి మూత పెట్టేశాడు. "ఆడపిల్ల చదువు ఆపకండి పెద్దాయనా. మీలాంటి వాళ్లే ఆలోచించాలి," అని బుద్ధి చెప్పి, సంరక్షకుడు అన్నచోట సంతకం పెట్టించుకుని, దాని నకలు ఒకటి చేతిలో పెట్టి ఇద్దరూ వెళ్లిపోయారు.

సాయంత్రం పిన్ని ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఏమే, బడి ఎగ్గొడుతున్నావంట?"

మర్నాడు పొద్దున్న గంట కొట్టగానే పిన్ని తిన్నగా పెద్ద టీచరమ్మ గదికి వెళ్లి ఆ కాగితం బల్లమీద పెట్టింది. పెద్ద టీచరమ్మకు పై ఆఫీసు కాగితం కనబడితే చాలు, చేతులు చల్లబడతాయి. వెంటనే చిన్న మాస్టార్ని పిలిచింది. ఆయన తన ఫోనులో బడి వివరాలు తెరిచి, వేలితో పైకి కిందకీ జరిపి, చివరికి నాలిక కరుచుకున్నాడు.

జరిగింది ఇదీ. రెండేళ్ల కిందట బడిలో పనిచేసేవాళ్ల వివరాలు పంపమని పై ఆఫీసు అడిగింది. పిన్నిది నాలుగో తరగతి ఉద్యోగం. ఊడ్చేవాళ్లనూ, గంట కొట్టేవాళ్లనూ ప్రభుత్వ కాగితాల్లో అలాగే రాస్తారు. ఫోనులో ఆ గడి చిన్నది. 'నాలుగో తరగతి' వరకే పట్టింది, 'ఉద్యోగి' పట్టలేదు. కంప్యూటరు ఆవిణ్ణి నాలుగో తరగతి పిల్లల్లో చేర్చేసింది. వయసు యాభై నాలుగు అని కొడితే ఒప్పుకోక, అయిదుకూ నాలుగుకూ మధ్య తనే ఒక చుక్క పెట్టుకుని, అయిదేళ్ల నాలుగు నెలలని సర్దుకుంది. ఏడాది తిరగ్గానే వయసు అక్కడే ఉంచి, అందరితోపాటు ఐదో తరగతికి ఎక్కించింది. చిన్న మాస్టారి ఫోను అద్దం అడుగున పగిలిపోవడం వల్ల జాబితాలో చివరి పేరు ఆయనకు ఇన్నాళ్లూ కనిపించలేదు.

"దానికేం, నా పేరు తీసేయండి మాస్టారూ," అంది పిన్ని.

"తీసేస్తే మీరు చదువు మానేసినట్టు లెక్క పిన్నీ. ఐదో తరగతిలో ఉన్నదే ఇద్దరు. మన తూనీగ ఒకటి, మీరొకరు. ఒకరు మానేస్తే సగం తరగతి మానేసినట్టు. అలాంటి బళ్లు మూసేసి పిల్లల్ని ఏడు కిలోమీటర్ల అవతలి టౌను బళ్లో కలిపేయమని కొత్త ఉత్తర్వు."

"పోనీ ఉండనివ్వండి. పరీక్ష రాయను, అంతేగా?"

"రాయకపోతే తప్పినట్టు. సగం తరగతి తప్పినా మూసేస్తారు."

పెద్ద టీచరమ్మ ధైర్యం కూడగట్టుకుని పై ఆఫీసుకు ఫోన్ చేసింది. "ఆవిడ పిల్ల కాదండీ. మా బళ్లో ఊడ్చే మనిషి."

అవతలి గొంతు లేచింది. "బళ్లో పిల్లచేత ఊడిపిస్తున్నారా మేడమ్? అది నేరమని తెలుసా మీకు? అదీ అయిదేళ్ల పిల్లచేత!"

పెద్ద టీచరమ్మ ఠక్కున ఫోన్ పెట్టేసి, చెంబెడు నీళ్లు తాగింది. బయట కుళాయి దగ్గర పిల్లలు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటున్నారు. వాళ్లలో ఒకటో తరగతి బుడ్డోడు ఇంకా చెప్పులు కుడిఎడమలు మార్చి వేసుకునే రకం. వాణ్ణి పొద్దున్నే బస్సెక్కించి టౌనుకు పంపడం పిన్ని కళ్లముందు కదిలింది.

"పరీక్ష ఎప్పుడు?" అని అడిగింది.

"రెండు నెలలుంది."

"అయితే పలక కొనుక్కోవాలా, నోటుపుస్తకమా?"

ఐదో తరగతికి ఇన్నాళ్లూ తూనీగ ఒక్కతే దిక్కు. పదేళ్ల పిల్ల. సన్నగా, ఒకచోట కుదురుగా నిలవకుండా ఉంటుందని ఆ పేరు పెట్టారు. తరగతిలో ఫస్టూ తనే, లాస్టూ తనే కావడం ఆ పిల్లకు ఎప్పుడూ దిగులు. పక్కన ఇంకొకరు కూర్చుంటున్నారనేసరికి ఎగిరి గంతేసి, బెంచీ మధ్యలో సుద్దముక్కతో గీత గీసింది. "ఇటు నాది, అటు నీది పిన్నీ. గీత దాటితే గిల్లుతా."

పిన్ని ఊడ్చే పనులన్నీ తొమ్మిదిలోపే ముగించుకుని, గంట కొట్టి, చేతులు కడుక్కుని వచ్చి బెంచీ మీద కూర్చునేది. మధ్యలో గంటలకు లేచి వెళ్లి కొట్టి వచ్చేది. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా మేడమ్?" అని అడిగేది. అడగక్కర్లేదని పెద్ద టీచరమ్మ మొదటి వారం చెప్పి చెప్పి, ఇక ఊరుకుంది.

లెక్కలు పర్వాలేదు. ఇబ్బందంతా వత్తులతోనే. వాటి సంగతి తూనీగ చూసుకుంది.

"వత్తంటే ఏం లేదు పిన్నీ. ఇద్దరు ఒకే చోట కూర్చోవాలి. పైన జాగా ఒకరికే ఉంది. రెండోవాళ్లు కిందకి దిగి కూర్చుంటారు."

"బస్సులో సీటు దొరకనివాడిలాగానా?"

"ఆ! కానీ వాణ్ణి కూడా పలకరించాలి. నువ్వు పైనవాణ్ణి పలకరించి వెళ్లిపోతున్నావు."

ఆ మాట పిన్నికి గట్టిగా తగిలింది. ఇన్నేళ్లూ ఎంతమందిని పలకరించకుండా దాటిపోయిందో! ఆ రోజు నుంచి కనిపించిన ప్రతి బోర్డు ముందూ ఆగి, కింద కూర్చున్నవాళ్లందర్నీ పేరుపేరునా పలకరించుకుంటూ ఇంటికి నడిచేది. పావుగంట దారి ముప్పావుగంట పట్టేది. అలా ఒకరోజు తన ఇంటి ముందుకే వచ్చి ఆగింది. 'పరుపులు కుటబడును' అని ఉంది. ముప్పై ఏళ్లుగా ఆవిడ అక్షరం పొల్లుపోకుండా చదివిన బోర్డు ప్రపంచంలో అదొక్కటే.

"ఏమయ్యా! నీ బోర్డులో టకు వత్తేది?"

పరుపులాయన బయటికి వచ్చి, తను స్వయంగా రాసుకున్న బోర్డు కేసి తల పైకెత్తి చూశాడు. "లేదా? లేకపోతేనేం, ముప్పై ఏళ్లుగా జనం వస్తూనే ఉన్నారు. ఎవరి పరుపైనా ఊడిపోయిందా?"

పిన్ని వినలేదు. పక్క ఇంట్లో మిగిలిన కిటికీల రంగు అడిగి తెచ్చి, కుర్చీ వేసుకుని ఎక్కి, ట కింద ఇంకో ట పెట్టింది. రంగు ఆకుపచ్చ. అక్షరాలు నలుపు. ఆ ఒక్క వత్తు వీధి మొదటి నుంచే కనిపించేది.

పరుపులాయన మాత్రం సంరక్షకుడిగా సంతకం పెట్టిన నాటి నుంచి మారిపోయాడు. సాయంత్రమయ్యేసరికి "హోంవర్కు అయిందా?" అని అడిగేవాడు. లేదంటే వంటింట్లోకి వెళ్లనిచ్చేవాడు కాదు. "అయితే నువ్వే వండు," అంటే నిజంగానే వండేవాడు. కూరలో దూది వచ్చేది. పిన్ని దాన్ని తీసి పక్కన పెట్టుకుని, ఎక్కాలు వల్లెవేసుకుంటూ తినేది.

పరీక్ష రోజున పై ఆఫీసు నుంచి ఒక అధికారి సీలు వేసిన కవరుతో వచ్చాడు. సన్నటి మనిషి, నియమాల పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. హాజరు పట్టీలో అయిదేళ్ల నాలుగు నెలల పిల్ల ఫొటోలో నెరిసిన జుట్టు చూశాడు. ఎదురుగా పిన్నిని చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

"ఫొటో సరిపోయింది," అన్నాడాయన. "నేను చూడాల్సింది అంతే. వయసు చూసే అధికారి వేరే ఉంటాడు."

నియమం ప్రకారం ఉపాధ్యాయులు గేటు బయట ఉండాలి. పెద్ద టీచరమ్మా, చిన్న మాస్టారూ వెళ్లి టైలరు కొట్టు మెట్ల మీద కూర్చున్నారు. గదిలో తూనీగ, పిన్ని, అధికారి మిగిలారు. అధికారి పుస్తకం తెరిచాడు.

"గంట మోగాకే కవరు తెరవాలి. గంట కొట్టే ఉద్యోగి ఎక్కడ?"

"నేనేనండీ," అంటూ పిన్ని లేవబోయింది.

"కూర్చోండమ్మా! ఒకసారి కూర్చున్నాక లేస్తే పరీక్ష రద్దు." ఆయన పేజీ తిప్పాడు. "గంట ఉద్యోగే కొట్టాలి. ఉద్యోగి మీరు. లేవకూడనిదీ మీరే." ఇంకో పేజీ తిప్పాడు. దాని తర్వాత అట్ట వచ్చింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "పదిహేడేళ్ల సర్వీసమ్మా నాది. ఇలాంటిది ఎదురుకాలేదు."

"నేను లేవకూడదు. గంట రాకూడదని ఎక్కడైనా ఉందాండీ?" అని అడిగింది పిన్ని.

ఆయన పుస్తకమంతా మళ్లీ వెతికాడు. లేదు. వరండాలోకి వెళ్లి, చొక్కా చేతులు మడిచి, రైలుపట్టా ముక్కను గొలుసుతో సహా దించి, ఆయాసపడుతూ మోసుకొచ్చి పిన్ని పక్క కిటికీ ఊచలకు కట్టాడు. చొక్కా అంతా తుప్పు. పిన్ని కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి కొట్టింది. గదిలో అంత దగ్గరగా మోగేసరికి అధికారి చెవులు రెండూ మూసుకున్నాడు. తూనీగ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసుకుంది.

పేపరు చేతికొచ్చింది. వ్యతిరేక పదాలు బాగానే నడిచాయి. లెక్కల్లో ఒకచోట చెయ్యి ఆగింది. ఒక గదిని ఇద్దరు అరగంటలో ఊడిస్తే నలుగురు ఎంతసేపట్లో ఊడుస్తారు? జవాబు పావుగంట అని పిన్నికి తెలుసు. కానీ ఒకే గదిలో నలుగురు చీపుళ్లు పట్టుకుంటే ఏం జరుగుతుందో ఇంకా బాగా తెలుసు. పావుగంట అని రాసి, మనసొప్పక పక్కనే 'కాని శుభ్రంగా ఉండదు' అని చేర్చింది. భ కింద రకారం చక్కగా పెట్టింది.

చివరి ప్రశ్న, మూడు రోజుల సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయులకు లేఖ రాయాలి. దానికి పది మార్కులు. చూస్తే పదకొండు నిమిషాలే ఉంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఒక్క సెలవూ అడగలేదు. ఎలా అడగాలో తెలియదు. కారణం ఏం రాయాలి? జ్వరం రాద్దామంటే అబద్ధం. ఆలోచించి ఆలోచించి మొదలుపెట్టింది. అమ్మగారికి నమస్కారం. నాకు ఏ జబ్బూ లేదు. మా ఇంట్లోనూ అందరూ బాగున్నారు. మా ఆయన, నేను పగటిపూట కలిసి కూర్చుని చాలా ఏళ్లయింది. కాబట్టి దయచేసి నాకు...

చేతి గడియారం పన్నెండుకు అర నిమిషం తక్కువ చూపిస్తోంది.

అధికారి తన వాచీ ఇంట్లో మరిచిపోయాడు. "మీరు గంట ఎప్పుడు కొడితే అప్పుడే అయిపోయినట్టమ్మా," అని ముందే చెప్పాడు. తూనీగ రాయడం ఎప్పుడో పూర్తి చేసి, గీత దాటి పిన్ని మోచేతిని గిల్లింది. "పిన్నీ, కాస్త ఆగి కొట్టు. ఎవరికి తెలుస్తుంది?" అని గుసగుసలాడింది.

పిన్ని బోల్టు కేసి చూసింది. కాగితం కేసి చూసింది. అవతల టైలరు చేతిలో కత్తెర పట్టుకుని, ముల్లు తిప్పుకోవడానికి ఎదురు చూస్తుంటాడు. ఈ సగం లేఖతో పాసవుతుందో లేదో, బడి నిలుస్తుందో లేదో. ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచి గంట కొట్టేసింది. లేఖ 'నాకు' దగ్గరే ఆగిపోయింది.

బయటికొచ్చాక పిన్ని వరండా మెట్ల మీద కూలబడి, పెద్ద టీచరమ్మ చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "బడిని నేనే మూసేశానమ్మగారూ. ఇంకో నిమిషం ఆగితే సరిపోయేది. చెయ్యి వినలేదు."

పెద్ద టీచరమ్మ ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది. "వత్తులన్నీ పెట్టావా?" అని అడిగింది.

"పెట్టానండీ."

"అయితే ఇక ఊరుకో."

మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. తూనీగకు తొంభై ఆరు. పిన్నికి ముప్పై ఏడు. ముప్పై అయిదు వస్తే పాసు. సగం లేఖకు ఎవరో పుణ్యాత్ముడు ఆరు మార్కులు వేశాడు. బడి నిలిచింది. పరుపులాయన మార్కుల కాగితం మీద సంరక్షకుడిగా సంతకం పెట్టి, "గణితంలో ఇంకా శ్రద్ధ పెట్టాలి," అన్నాడు.

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ పై ఆఫీసు కంప్యూటరు కిందటేడాది మార్కులతో ఈ ఏడాది మార్కులను పోల్చి, ఏ బడి ఎంత మెరుగుపడిందో లెక్క వేసింది. కిందటేడు పిన్ని పరీక్షే రాయలేదు గనుక సున్నా. సున్నా మీద ముప్పై ఏడు ఎన్ని రెట్లో దానికి అంతు చిక్కలేదు. అంతు చిక్కనిదేదో చాలా పెద్దదే అయ్యుంటుందని ఈ బడిని అన్నిటికంటే పైన పెట్టేసింది.

వారం తిరక్కుండా ఆరుగురు హెడ్మాస్టర్లు బోధనా పద్ధతిని పరిశీలించడానికి వచ్చారు. చదువులో వెనకబడిన విద్యార్థిని ఎక్కడ కూర్చునేది అని అడిగితే, పెద్ద టీచరమ్మ నిజాయితీగా బెంచీ చూపించింది. పక్కనే కిటికీకి గంట ఇంకా వేలాడుతోంది. దాన్ని మళ్లీ వరండాలోకి మోసేవాళ్లు దొరకలేదు. ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన టేపు తీసి బెంచీకీ గంటకీ మధ్య దూరం కొలిచాడు. రెండడుగుల మూడంగుళాలు.

"ఏకాగ్రత కోసమా?" అని అడిగాడు.

"పరీక్ష కోసమండీ," అంది పెద్ద టీచరమ్మ.

అందరూ రాసుకున్నారు. కొత్త విద్యాసంవత్సరం నుంచి ప్రతి బడిలోనూ చదువులో వెనకబడిన పిల్లల పక్కన, రెండడుగుల మూడంగుళాల దూరంలో గంట వేలాడదీయాలని ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్లలో ఏ బడి ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు వదులుతారో ఎవరికీ అంతుబట్టలేదు. పిల్లలకు విసుగు పుట్టినప్పుడల్లా గంట మోగేది. ఒక ఊళ్లో ఉదయం పదిన్నరకే నాలుగుసార్లు బడి వదిలారట.

సెలవుల తర్వాత టౌను హైస్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ఆరో తరగతిలో చేరాల్సిన ఇద్దరూ రాలేదు, ఎందుకని? తూనీగ పెద్ద బడంటే భయపడి మొదటి రెండు రోజులూ మంచం దిగలేదు. పిన్ని సంగతికి హైస్కూలు గుమాస్తా ఒక దారి చెప్పాడు. పేరు తీసేయాలంటే ధ్రువపత్రం ఇవ్వాలి, అది ఇవ్వాలంటే ఒక్కరోజైనా హాజరై ఉండాలి.

మర్నాడు పిన్ని గంట బాధ్యత చిన్న మాస్టారికి అప్పగించి, గడియారం కూడా ఆయన చేతికే కట్టి, తూనీగ వాళ్లింటికి వెళ్లింది. "లే. నేనూ వస్తున్నా. నాకూ భయంగానే ఉంది," అంది. ఇద్దరూ బస్సెక్కారు. ఆరో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు. ఇద్దరూ చివరి బెంచీలో కూర్చున్నారు. ఈసారి తూనీగ గీత గీయలేదు. మధ్యాహ్నానికి ముందు బెంచీ నుంచి ఇద్దరు ఆడపిల్లలు వెనక్కి తిరిగి, ఈవిడ మీ నాయనమ్మా అని అడిగారు. "కాదు, మా క్లాసే," అంది తూనీగ. ఆ మాటతో నలుగురికీ స్నేహం కుదిరింది. ఆఖరి పీరియడు నాటికి తూనీగ ముందు బెంచీకి మారిపోయింది.

సాయంత్రం గుమాస్తా ధ్రువపత్రం ఇచ్చాడు. ఆరో తరగతి, హాజరు ఒక రోజు, ప్రవర్తన చాలా మంచిది. పిన్ని దాన్ని నాలుగు మడతలు పెట్టి ఇంటికి తెచ్చింది. పరుపులాయన కుట్టు ఆపి, పక్కన దూది జరిపి ఆవిడకు చోటిచ్చాడు.

"ఎలా ఉందే పెద్ద బడి?"

"లెక్కల మాస్టారు బాగా చెప్తున్నాడు. పిల్లకి భయం పోయింది," అంది పిన్ని, కాళ్లు చాపుకుంటూ. "ఆ ఊడ్చే ఆవిడే, బెంచీల కింద చీపురే పెట్టట్లేదు."